ఆఖరి తొట్టి నీళ్ళు

అల్యూమినియానికి తుప్పు పట్టదని నమ్మే ఇంజనీర్లను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. ఇనుములా ఎర్రగా పెళ్ళలు రాలదు కాబట్టి అది చెడిపోదని వాళ్ళ ధీమా. దాని తుప్పు తెల్లగా ఉంటుంది. సున్నప్పొడి చల్లినట్టు చిన్న చుక్కలుగా మొదలవుతుంది. తుడిచేస్తే కింద సూది దిగినంత గుంట కనిపిస్తుంది. ఆ గుంట లోపలికి ఎంత దూరం పోయిందో పైనుంచి చూస్తే తెలియదు. నా ఉద్యోగమంతా ఆ గుంట పడకుండా చూడడమే.

ఆదోనిలో ఒక అనోడైజింగ్ కార్ఖానాలో కెమిస్టుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఈ మధ్య మా వీధిలో కెమిస్ట్రీ చదివిన ఒక అమ్మాయి ఇలాంటి పనిలోనే చేరబోతూ, ఆ పని ఎలా ఉంటుందని నన్ను అడిగింది. ఏదో నాలుగు మాటలు చెప్పి పంపాను. ఆమె వెళ్ళాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అందుకే రాస్తున్నాను.

నాయన అద్దకం, నా అద్దకం

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో మగ్గం ఉండేది గానీ మా నాయన పేరు నూలు అద్దకంలోనే. రంగు కలిపే ముందు దోసిట్లో నీళ్ళు పట్టి పుక్కిలించి ఉమ్మేవాడు. ఉప్పగా తగిలితే ఆ రోజు అద్దకం లేదు. "నీళ్ళు మంచివి కాకుంటే రంగు నిలబడదు పాపా. ముందు బాగనే కనపడతాది. మొదటి ఉతుకులో మన బతుకు బయటపడతాది" అనేవాడు.

డిగ్రీ అయ్యాక కార్ఖానాలో ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆడపిల్లవు, యాసిడ్ తొట్ల మధ్య ఏం పని అని అమ్మ ఏడ్చింది. రోజూ పొద్దున బస్సెక్కి ఆదోని పోయేదాన్ని. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయే జనంతో ఆ బస్సులో కాలు పెట్టే చోటుండేది కాదు. టిఫిన్ డబ్బా నెత్తిమీద పెట్టుకుని నిలబడేదాన్ని. ఇప్పటికీ ఆ దారిన పోతుంటే, చేతిలో ఏమీ లేకపోయినా చెయ్యి పైకి లేస్తుంది.

కార్ఖానా అంటే వరుసగా తొట్లు. ముందు జిడ్డు తీసే తొట్టి, తర్వాత కాస్టిక్ సోడా, తర్వాత యాసిడ్, మధ్య మధ్య కడిగే నీళ్ళు. అల్యూమినియం మీద గాలికే ఒక పలుచని పొర ఏర్పడుతుంది. అదే దానికి చర్మం. గంధకామ్లంలో ముంచి కరెంటు పంపితే ఆ చర్మం మందమవుతుంది. అదే అనోడైజింగ్. అయితే ఆ పొర నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. రంగు వేయాలంటే వాటిలోకే ఎక్కుతుంది. ఆఖరి తొట్టిలో, మరిగే శుద్ధమైన నీళ్ళలో ఉంచితే ఆ రంధ్రాలు పూడుకుంటాయి. దాన్ని సీలింగ్ అంటాం. అది సరిగా జరగకపోతే అంతకు ముందు చేసిందంతా తలుపు వేసి గడియ పెట్టనట్టే.

ఒకసారి నాయన కార్ఖానాకు వచ్చాడు. ఎర్ర రంగు తొట్టిలోంచి తీసిన అల్యూమినియం పట్టీలను చాలాసేపు చూశాడు. సీలింగ్ అయ్యాక ఒకదాన్ని చేతికిచ్చాను. పంచె కొంగు తడిపి గట్టిగా రుద్దాడు. కొంగుకు రంగు అంటలేదు.

"ఎట్ల పట్టింది ఇది?"

"దీనికీ నూలు మాదిరి సందులుంటాయి నాయనా. రంగు తాగినాక వాటిని మూసేస్తాం."

"అట్లయితే నువ్వూ అద్దకమే చేస్తాండావు" అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరడిగినా, "మా పాప ఆదోనిలో అద్దకం పని చేస్తాది" అని చెప్పేవాడు. నా డిగ్రీ సంగతి ఎత్తేవాడే కాదు. నేను సరిదిద్దలేదు.

మహబూబ్ సాబ్

మా ఫోర్‌మన్ మహబూబ్ సాబ్. చదువు ఐదో తరగతి. యాసిడ్ చుక్కలు పడి ఆయన చొక్కాలన్నీ జల్లెడలు. నాకు పని నేర్పింది ఆయనే.

చేరిన కొత్తలో, జిడ్డు పోయిందో లేదో చూడడానికి నేను ఏవో కాగితాలు ముంచి లెక్కలు వేస్తుంటే, ఆయన కడిగిన పట్టీని నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇట్ల సూడమ్మా. నీళ్ళు దుప్పటి కప్పినట్టు జారిపోవాల. యాడన్నా విరిగి చుక్కలు నిలబడినాయంటే ఆడ జిడ్డుంది. దీనికి కాగితమెందుకు?"

ఆయనకు ఒక నియమం ఉండేది. శుభ్రం చేసిన వస్తువును ఉత్త చేత్తో తాకితే ఒప్పుకునేవాడు కాదు. నేను ఒకసారి చేతి తొడుగు లేకుండా ఒక కిటికీ ఫ్రేము పట్టుకున్నాను. ఒక్క క్షణమే. అనోడైజింగ్ అయ్యాక చూస్తే, దాని మీద నా బొటనవేలు గీతలతో సహా అచ్చు పడి ఉంది. అది ఎలా దాటిపోయిందో గానీ, ఆదోనిలో ఒక ఇంటికి బిగించేశారు. పొర లోపలి ముద్ర కాబట్టి తుడిస్తే పోదు. సాబ్ ఆ వీధిలో నడిచినప్పుడల్లా మరుసటి రోజు, "నీ సంతకం ఇంకా బాగుందమ్మా" అని చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. కార్ఖానా గురించి తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నవ్వే.

సీలింగ్ బాగా అయిందో లేదో చూడడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. వస్తువు మీద ఒక చుక్క నీలం రంగు వేసి, కాసేపు ఆగి, తడి గుడ్డతో తుడవాలి. రంధ్రాలు మూసుకుంటే రంగు పూర్తిగా పోతుంది. మచ్చ మిగిలితే మూసుకోనట్టే. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. తుడిచే మనిషి నిజాయితీగా ఉంటే చాలు.

ఆ ఎండాకాలం

ఇక నా తప్పు.

నూలు మిల్లులో గాలి పొడిగా ఉంటే దారం తెగుతుంది. అందుకని నీళ్ళ తుంపర్ల మీదుగా పెద్ద ఫ్యాన్లతో గాలిని లోపలికి తోస్తారు. ఆ ఫ్యాన్ల రెక్కలు అల్యూమినియం. ఒక్కొక్కటి మనిషి చేయంత పొడవు. రాత్రింబవళ్ళు తడిలో తిరుగుతాయి. ఎమ్మిగనూరు దారిలో ఉన్న ఒక మిల్లు వాళ్ళు కొత్త రెక్కల సెట్టు మాకు అనోడైజింగ్‌కు పంపారు. అవి అచ్చు పోసిన రెక్కలు. వాటిలో సిలికాన్ ఎక్కువ కాబట్టి మెరుపు రాదు, బూడిద రంగు వస్తుంది. అందం అవసరం లేదు, తడికి తట్టుకుంటే చాలన్నారు.

ఆ ఏడు వానల్లేవు. మునిసిపాలిటీ నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. నీళ్ళలోని ఉప్పులు తీసే మా యంత్రంలో ఉప్పును పట్టే రెజిన్ గుళికల సరుకు అయిపోయింది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. సీలింగ్ తొట్టి రోజంతా మరుగుతుంది కాబట్టి నీళ్ళు తగ్గిపోతూనే ఉంటాయి. కార్ఖానా వెనక బోరు ఉంది. ఆ నీళ్ళు ఉప్పు కషాయం.

"ఆగుదామమ్మా" అన్నాడు సాబ్. "రెజిన్ వచ్చేదంక ఆగుదాం. రెక్కలు యాడికీ పోవు."

"మిల్లు వాళ్ళు రోజూ మనిషిని పంపుతున్నారు సాబ్. తొట్టిలో సగం మంచి నీళ్ళే ఉన్నాయి. పైన కొంచెం బోరువి పోద్దాం."

"కొంచెం ఉప్పు కూడా ఉప్పే గదమ్మా."

నేను పుస్తకంలో హద్దులు చూపించాను, ఇంత వరకు ఫరవాలేదని వాదించాను. ఆ హద్దుల్లోనే మా నీళ్ళున్నాయో లేదో కొలవలేదు. ఆయన తొట్టి దగ్గర్నుంచి పక్కకు జరిగి, "మీరు చదివినోళ్ళు. మీ ఇష్టం" అన్నాడు. అప్పటిదాకా ఆయన నన్ను ఎప్పుడూ 'మీరు' అనలేదు.

మొదటి రోజు కొంచెమే పోశాం. మూడో రోజుకు తొట్టిలో ఉన్నవి దాదాపు అన్నీ బోరు నీళ్ళే. రెక్కల మీద నీలం చుక్క వేసి తుడిచాను. మచ్చ మిగిలింది. చాలా లేతగా, వెలుతురుకు తిప్పితే గానీ కనిపించనంత. ఇంకో గుడ్డ తీసుకుని గట్టిగా రుద్దాను. ఇంకా గట్టిగా రుద్దాను. కనిపించడం లేదని నాకు నేను చెప్పుకుని, 'పాస్' అని రాశాను.

పై నుంచి ఒత్తిడి ఉందని ఇన్నేళ్ళు కొందరికి చెప్పాను. అది నిజం కాదు. మా యజమాని సేటు ఆ వారం ఊళ్ళోనే లేడు. ఆలస్యం చేసిందన్న పేరు నాకు రాకూడదని నేను చేసిన పని అది.

ఈరన్న

మరుసటి ఏడు వానలు వచ్చాక సేటు నన్ను గదికి పిలిచాడు. ఆ మిల్లులో ఈరన్న అనే ఫిట్టరు ఎవరికీ చెప్పకుండా ఫ్యాన్ ఆపేశాడట. ఒక విభాగమంతా దారాలు తెగి పని ఆగిపోయిందట. అతనికీ పై అధికారులకూ ముందే పడదు, అందుకే కావాలని ఆపాడని సస్పెండ్ చేశారు. రెక్కల మీద తెల్ల పొడి కనిపించిందని అతను చెబుతున్నాడు. విచారణలో పెట్టడానికి మిల్లు వాళ్ళకు మా నుంచి ఒక ఉత్తరం కావాలి.

"పోయి చూసి, పూత బాగుందని రెండు లైన్లు రాసిచ్చి రామ్మా" అన్నాడు సేటు.

మిల్లు గేటు దగ్గర వేపచెట్టు కింద నడివయసు మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. నా చేతిలో పరికరాల సంచి చూసి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆదోని నుంచి వచ్చింది మీరేనా? నేను ఈరన్నను. లోపలికి రానియ్యరమ్మా నన్ను."

"ఎందుకు ఆపావు ఫ్యాను?" అని అడిగాను.

"దాని కూత మారిందమ్మా. పన్నెండేండ్లాయె నేను ఆడ పనిచేయబట్టి. పసిబిడ్డ ఏడుపు తల్లికి తెలీదా? అట్లనే నాకు తెలిసింది. కరెంటు పోయి ఆగినప్పుడు అద్దాల సందులోంచి చూస్తే రెక్కల మొదట్లో తెల్లగ పొడి. మా మిల్లు ఫోరమన్‌కు సెప్తే, దుమ్ములేప్పా పో అనినాడు. మళ్ళీ పోయి ఇన్నా. ఇంగ నాకు నిలబడబుద్ధి కాలే. ఆపేసినా." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "కావాలని ఆపినానంటాండారు. మా ఊర్లో సేను పోయినేడే ఎండిపాయె, ఈ పని తప్ప ఏముందమ్మా నాకు? కావాలని యాల ఆపుతా?"

నేను లోపలికి పోయాను. అతను నన్ను ఏమీ కోరలేదు. మంచిగా రాయమని కూడా అడగలేదు.

ఫ్యాన్ గది చల్లగా, చీకటిగా ఉంది. మిల్లు ఇంజనీరు టార్చి పట్టుకున్నాడు. రెక్కలను ఇనుప బోల్టులతో బిగించిన చోట తెల్ల పొడి పేరుకుని ఉంది. తడిలో రెండు లోహాలు తగిలే చోటు అది. పూత గట్టిగా ఉండాల్సింది అక్కడే. ఒక రెక్క తుడిచి నీలం చుక్క వేశాను. తడి గుడ్డతో ఒక్కసారి తుడిచాను. ఈసారి వెలుతురుకు తిప్పే పని పడలేదు. మచ్చ సిరా ఒలికినట్టు నిలబడింది.

నా సంచిలో చీలికలు కనిపెట్టే ఎర్ర ద్రవం ఉంది. రెక్కల మొదళ్ళకు పూసి, ఆగి, తుడిచేసి, పైన ఆ ఎరుపును పైకి లాగే సుద్దపొడి చల్లాం. మూడు రెక్కల మీద ఏమీ రాలేదు. నాలుగోదాని మీద, ఒక గుంట దగ్గర మొదలై, వెంట్రుకంత సన్నగా, వేలెడు పొడవున ఎర్ర గీత పైకి తేలింది.

ఇంజనీరు టార్చి దగ్గరికి తెచ్చాడు. "ఇది ఊడి ఉంటే..." అన్నాడు. ఆ గోడ అవతల ఆడవాళ్ళు దారాలు అతికే చోటు. మేమిద్దరం ఆ గోడ వైపు చూశాం. అది రేకు గోడ.

రెండు ఉత్తరాలు

అక్కడి నుంచి నన్ను మేనేజరు గదికి తీసుకుపోయారు.

"మీ పూత బాగుందా లేదా? అది చెప్పండి చాలు" అన్నాడాయన.

"బాగాలేదు."

"అంటే మెటల్‌లో లోపమా?"

తప్పించుకోవడానికి ఆయనే దారి చూపించాడు. అచ్చు పోసినవాళ్ళ మీదికి తోసేయవచ్చు. మిల్లు తుంపర నీళ్ళలోనూ ఉప్పు ఉంది, దాని మీదికీ తోయవచ్చు. రెండింటిలోనూ కొంత నిజముంది.

"కాదు సార్. ఆఖరి తొట్టిలో బోరు నీళ్ళు వాడాను. పరీక్షలో మచ్చ కనిపించింది. అయినా పాస్ చేశాను. తప్పు నాది."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది రాసిస్తారా?"

అక్కడే కూర్చుని రాసిచ్చాను. కొట్టివేతలతో ఒక కాగితం పాడైతే రెండోది తీసుకున్నాను.

సేటు నన్ను తిట్టలేదు. ఉత్తరం నకలు చదివి, మడిచి, "రెండు లైన్లు రాయమన్నాను" అన్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు నాతో మాట్లాడలేదు, ఏదైనా ఉంటే సాబ్ ద్వారా చెప్పించేవాడు. ఉద్యోగం తీయలేదు. అది ఆయన మంచితనమని నేననుకోను. కొత్త రెక్కలు చేసివ్వాలి, చేసేవాళ్ళు కావాలి. అయితే రెజిన్ ఎప్పుడూ ఒక బస్తా అదనంగా గోడౌన్లో ఉండేలా ఏర్పాటు చేసింది ఆయనే. అది కూడా చెప్పాలి.

సాబ్‌కు అన్నీ చెప్పాను. నేను ముందే చెప్పలేదా అని ఆయన ఒక్క మాట అనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "నేను గట్టిగా అడ్డం పడాల్సింది అమ్మా. కోపమొచ్చి పక్కకు జరిగినా" అన్నాడు. మళ్ళీ 'నువ్వు'లోకి వచ్చేశాడు. "పో, చాయ్ తాగు పో. ముఖం చూడు ఎట్లుందో."

పదిహేను రోజులకు ఈరన్నను పనిలోకి తీసుకున్నారని తెలిసింది. కానీ ఫ్యాన్ల దగ్గరికి కాదు, దూది గోడౌన్లో బేళ్ళు దింపే పనికి. అప్పుడు నా ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను. తప్పు నాదని మూడుచోట్ల రాశాను. అతను చేసింది సరైన పని అని ఒక్కచోటా రాయలేదు. నా తప్పు ఒప్పుకున్నానన్న గర్వంలో అతన్ని మరిచిపోయాను. బస్సెక్కి మిల్లుకు పోయి రెండో ఉత్తరం ఇచ్చాను. చీలిక కనిపెట్టింది నా పరీక్ష కాదు, అంతకు ముందే ఈరన్న చెవి కనిపెట్టిందని, అతను ఆపకపోయి ఉంటే ఆ గోడ అవతలి మనుషుల ప్రాణాలు పోయేవని రాశాను. ఇంజనీరు కూడా కింద సంతకం చేశాడు.

కొత్తగా చేరేవాళ్ళకు

పొర మందంగా ఉంటే చాలనుకోకండి. వణికే వస్తువు మీద మరీ మందమైన పొర తానే చీలుతుంది. ఏ లోహమో అడగకుండా తొట్టిలో ముంచకండి. రాగి కలిసిన అల్యూమినియం గట్టిదే గానీ పూత సరిగా పట్టదు, తడిలో దాన్ని తుప్పు తొందరగా తింటుంది. నీళ్ళను రోజూ కొలవండి. కొలవలేని రోజు పని ఆపండి. ఆలస్యమైన సరుకు గురించి నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మచ్చ లేతగా ఉందంటే ఉన్నట్టే.

పై అధికారి అడ్డం పడితే మనకు కనిపిస్తుంది. మన లోపల మంచి పేరు మీది ఆశ అడ్డం పడితే అది పుస్తకంలో హద్దుల మాదిరి కనిపిస్తుంది. నాకు తెలిసినంతలో మా వృత్తిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం తెలియక చేసేవి కావు.

ఇప్పుడా కార్ఖానా లేదు. సేటు కొడుకులు వేరే వ్యాపారంలోకి పోయారు. మహబూబ్ సాబ్ పోయి చాలా ఏళ్ళయింది. తొట్లున్న చోట ఎవరో గోడౌన్ కట్టారు. ఆ దారిన పోతే మరిగే నీళ్ళ ఆవిరి వాసన వస్తుందేమోనని ఇంకా ముక్కు ఎగబీలుస్తాను.

కొత్త రెక్కలు బిగించిన రోజు సంగతి ఒకటి చెప్పాలి. వాటిని మంచి నీళ్ళలో, సాబ్ పక్కన నిలబడి, పూర్తి సమయం ఉంచి సీల్ చేశాం. తీసుకుని నేనే మిల్లుకు పోయాను. ఫ్యాన్ గదిలో ఈరన్న ఉన్నాడు. రెండు రోజుల ముందే అతన్ని పాత పనికి పిలిచారట. నన్ను చూసి తల ఊపాడు. థాంక్స్ లాంటిదేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

బోల్టులన్నీ ఒక్కొక్కటిగా లాగి చూసుకున్నాడు. స్విచ్ దగ్గరికి పోయి, ఇంజనీరును బయట నిలబడమన్నాడు. నేనూ బయటికి కదలబోయాను.

"మీరు యాడికమ్మా?" అన్నాడు. "పాస్ అని రాసినోళ్ళు ఈడ నిలబడాల. నా పక్కన."

అందులో కోపం లేదు. ఆ గదిలో అదే పద్ధతి అన్నట్టు చెప్పాడు. ఇంజనీరు ఏదో అనబోతే వద్దన్నాను. పోయి ఈరన్న పక్కన, రెక్కలకు ఎదురుగా నిలబడ్డాను. అతను స్విచ్ వేశాడు. రెక్కలు మెల్లగా కదిలి, వేగం అందుకుని, ఒక్కటే బూడిద రంగు వలయమయ్యాయి. చల్లటి తడి గాలి ముఖానికి కొట్టింది. ఈరన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు. నేను అతని ముఖమే చూస్తున్నాను. చాలాసేపటికి అతను కళ్ళు తెరిచాడు.

"ఇంగ పోవచ్చమ్మా" అన్నాడు.